పిడుగుల పటం: ఉపగ్రహం చూసేదేమిటి, చూడనిదేమిటి?

నేపథ్యం

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఈ లెక్క తేల్చింది ఉపగ్రహం కాదు, నేలమీది సెన్సర్లు. మెరుపును పైనుంచి చూడటం, కింద పసిగట్టడం, రాకముందే అంచనా వేయడం మూడూ వేర్వేరు పనులు. ఈ తేడా తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే.

మన ప్రాంతంలో ఎప్పుడు?

ఆంధ్రప్రదేశ్‌లోని పెద్దపంజాణి, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఎత్తయిన పీఠభూమి మీదున్న ప్రాంతాలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటినుంచి కాసిన ఎండకు నేల కాగుతుంది. వేడిగాలి తేమతో పైకి లేచి, మధ్యాహ్నం దాటాక నిలువెత్తు క్యుములోనింబస్ మబ్బుగా మారుతుంది. అందులోని మంచు రేణువులు, మెత్తని వడగళ్లు ఒరుసుకుని విద్యుదావేశం విడిపోతుంది. సరిగ్గా ఆ వేళకు టమాటా తోటల్లో కూలీలు, బయళ్లలో పశువుల కాపరులు ఉంటారు.

ఉపగ్రహం మెరుపును ఎలా పడుతుంది?

మెరుపు వేడికి గాలిలోని ఆక్సిజన్ పరమాణువులు 777.4 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో కాంతినిస్తాయి. సెన్సర్ ఆ కాంతినే వడగట్టి చూస్తుంది. 1997లో ట్రిమ్ ఉపగ్రహంతో వెళ్లిన లిస్ పరికరం దాదాపు 2 మిల్లీసెకన్లకొక చిత్రం తీసేది. పగటిపూట ఎండకు మెరిసే మబ్బు వెలుతురును తీసివేసి, క్షణికంగా పెరిగిన వెలుగును మాత్రమే నమోదు చేసేది. వెలిగిన ఒక్కో పిక్సెల్ ‘ఈవెంట్’, ఒకే చిత్రంలో పక్కపక్కన వెలిగినవి ‘గ్రూప్’, దగ్గరి సమయంలో దగ్గరి చోట వచ్చిన గ్రూపులన్నీ కలిస్తే ఒక ‘ఫ్లాష్’.

పటం ఎలా తయారవుతుంది?

ట్రిమ్ భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగేది కాబట్టి ఒక చోటును ఒక్కో విడతలో ఒకటిన్నర నిమిషం మాత్రమే చూసేది. ఏళ్ల తరబడి పోగుచేసిన అలాంటి చూపులతోనే ఏ చోట, ఏ నెలలో, ఏ గంటలో మెరుపులెక్కువో తేలింది. వెనిజులాలోని మరకైబో సరస్సు మీద ఏటా చదరపు కిలోమీటరుకు సుమారు 233 మెరుపులతో ప్రపంచంలో మొదటి స్థానమని 2016లో ప్రచురించిన విశ్లేషణ చెప్పింది. 2016లో ప్రయోగించిన అమెరికా గోస్‌-16 ఉపగ్రహం భూస్థిర కక్ష్యలో ఉండి, 2025 దాకా తన పరిధిని రేయింబవళ్లు వదలకుండా చూసింది.

మన దేశంలో

మన ఇన్సాట్ వాతావరణ ఉపగ్రహాల్లో మెరుపుల కెమెరా లేదు. అవి భూమినుంచి వెలువడే దీర్ఘతరంగ వికిరణాన్ని కొలుస్తాయి. మబ్బు ఎత్తుకు పెరిగి పైభాగం చల్లబడితే ఆ వికిరణం తగ్గుతుంది. ఈ తగ్గుదలను ఆధారంగా చేసుకుని సుమారు రెండున్నర గంటల ముందే పిడుగుల సూచన ఇవ్వవచ్చని ఇస్రో 2025లో ప్రకటించింది. పరిశోధన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ (ఐఐటీఎం) రూపొందించిన ‘దామిని’ యాప్‌కు ఆధారం నేలమీది సెన్సర్లు.

పరిమితులు

మబ్బులోనే ఆగిన మెరుపేదో, నేలను తాకిన పిడుగేదో పైనుంచి చూసే కాంతి సెన్సర్ కచ్చితంగా విడదీయలేదు. నేలమీది సెన్సర్లు రేడియో తరంగాలు చేరిన సమయాల తేడాతో స్థానాన్ని లెక్కగడతాయి; మబ్బులోని మెరుపుకూ నేలను తాకే పిడుగుకూ ఉన్న తేడాను కూడా చాలావరకు పట్టుకుంటాయి. అందుకే రెండూ కావాలి.

గుర్తుంచుకోండి

- లిస్: దిగువ కక్ష్య, దీర్ఘకాలిక పటం
- గోస్‌-16: భూస్థిర కక్ష్య, నిరంతర నిఘా
- ఇన్సాట్: వికిరణం తగ్గుదల, ముందస్తు సూచన
- దామిని: నేల సెన్సర్లు, తక్షణ హెచ్చరిక

ఫోన్‌కు పిడుగుల హెచ్చరిక వస్తే చెట్టు కిందికి పోకండి. పని ఆపి పక్కా ఇంట్లోకి చేరండి. చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి బయటికి రండి.