అక్షర శిల్పులు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, శామీరుపేట సమీపమున దేవరయాంజాల్ అను గ్రామము కలదు. అచ్చటి సీతారామచంద్రస్వామి ఆలయము ప్రాచీనమైనది. ఆ గ్రామమునుండి బయలుదేరి, రాజీవ్ రహదారి చేరి, నగరమువైపు పోవు బాలుడొకడు కన్నులు తెఱచి చూచెనేని దారి పొడవునను అక్షరములే కానవచ్చును. దూరమును తెలుపు రాళ్లు, బస్సు నొసటి పలకలు, దుకాణముల పేర్లు, గోడలపై ప్రకటనలు, మందుసీసాలపై చీటీలు, చేతిలోని పాఠ్యపుస్తకము, అన్నియు అక్షరమయములే.

వీనిలో ఏదియు తనంతట తాను పుట్టలేదు. ఎవడో ఒకడు కూర్చుండి, ఆ అక్షరము ఎంత పెద్దదిగా నుండవలెనో, ఏ రంగున నుండవలెనో, దాని చుట్టును ఎంత చోటు విడువవలెనో ఆలోచించి యుండును. చదువువాడు ఎంత దూరమున నుండును? నిలిచి చదువునా, పరుగెత్తుచు చదువునా? వృద్ధుడా, బాలుడా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు విద్యయే నేడు గ్రాఫిక్ డిజైన్ అనబడుచున్నది. అక్షరమును, బొమ్మను, రంగును పొందికగా కూర్చి ఒక విషయమును చూపరి మనస్సునకు చేర్చుటయే దాని పని.

ఈ పేరు క్రొత్తది. పని మాత్రము ప్రాచీనము. దేవరయాంజాలునకు నాతిదూరమున కీసరగుట్ట యున్నది. ఆ గుట్టపై ఒక బండమీద "తొలచువాండ్రు" అను మాట చెక్కబడి యున్నది. అది విష్ణుకుండినుల కాలము నాటిదని చరిత్రకారులు చెప్పుదురు. తొలచువాండ్రు అనగా రాతిని తొలచు పనివారు. శాసనములలో సాధారణముగా రాజుల బిరుదములును, దానముల వివరములును ఉండును. ఇచ్చట నున్నది ఉలి పట్టినవారి పేరు. తెలుగు మాట కనబడు మిక్కిలి పాత వ్రాతలలో ఇది యొకటి. మన అక్షరచరిత్ర తొలిపుటలలోనే శిల్పులు తమ గుర్తును నిలిపినారన్నమాట.

రాతి తరువాత తాటాకు వచ్చెను. తాటాకుపై గంటముతో అడ్డముగా గీత గీచినచో ఆకు చీలును. అందుచేతనే దక్షిణదేశపు లిపులు గుండ్రని వంపులను అలవరచుకొన్నవని పండితులు చెప్పుదురు. తెలుగు అక్షరము ముత్యమువలె గుండ్రముగా నున్నదని మనము మురిసిపోవుదుము. ఆ సొగసునకు మూలము ఆకు చిరుగకుండవలెనను జాగ్రత్తయే. పనికి వచ్చు గుణమునుండి అందము పుట్టుట ఈ విద్యయందు పలుమారు కనిపించును.

సుమారు 1455వ సంవత్సరమున జర్మనీ దేశములోని మైన్జ్ నగరమున గూటెన్‌బర్గ్, విడివిడి లోహపు అచ్చులతో బైబిలును ముద్రించెను. ఇంచుమించు మూడు వందల ఏండ్లకు ఆ విద్య తెలుగును చేరెను. మదరాసున మతబోధకుడుగా పనిచేసి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ అను జర్మనుడు, 1746వ సంవత్సరమున హాలె నగరమున తెలుగు అచ్చులతో పుస్తకములు ముద్రింపించెను. 1814వ సంవత్సరమున విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణము బెంగాలునందలి శ్రీరామపురమున వెలువడెను. 1852వ సంవత్సరమున సి. పి. బ్రౌను నిఘంటువు మదరాసున అచ్చయ్యెను. 1854వ సంవత్సరమున వావిళ్ల రామస్వామి శాస్త్రులు మదరాసున ముద్రాలయము స్థాపించి ప్రాచీనగ్రంథములను ప్రజలకు అందించు పనికి పూనుకొనెను.

తెలుగు అచ్చు కూర్చుట సులభమైన పని కాదు. ఆంగ్లమునకు ఇరువదియాఱు అక్షరములు, వాని పెద్దబడి చిన్నబడి రూపములు, అంకెలు ఉన్నచో చాలును. తెలుగునకో, తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము, ఓత్వము, ఒత్తులు, అన్నియు కావలెను. అచ్చు కూర్చువాడు వందలకొలది అరలనుండి ముక్కలు తీసి పేర్చవలెను. ఒక ఒత్తు జారినచో మాటయే మారిపోవును. సీసపు ముక్కల నడుమ నిలువుకాళ్లపై నిలిచి, కంటిచూపు ధారపోసి పనిచేసిన ఆ కూర్పరులలో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకముపైనను లేవు.

పందొమ్మిదవ శతాబ్దమున యూరపులో యంత్రములు పెరిగెను. వస్తువులు రాసులుగా తయారగుటచే వానిని అమ్ముటకు ప్రకటనలు కావలసివచ్చెను. అంతకుముందే సెనెఫెల్డర్ అను జర్మనుడు రాతిపై బొమ్మ గీచి ముద్రించు పద్ధతిని కనుగొని యుండెను. దీనిని లిథోగ్రఫీ అందురు. ఈ పద్ధతితో ప్యారిసు నగరమున షెరే, తులూజ్ లోత్రెక్ మొదలగువారు రంగురంగుల గోడప్రకటనలు రచించిరి. బీదవాడు టిక్కెట్టు కొనకయే చూడగల చిత్రశాల వీధిగోడపై వెలసెను. మన దేశమున రాజా రవివర్మ 1894వ సంవత్సరమున బొంబాయిలో ముద్రాలయము నెలకొల్పగా, అచ్చటి దేవతాచిత్రములు తెలుగువారి ఇండ్ల గోడలను కూడ చేరెను.

అయితే యంత్రము వలన చవకయు, చవకతోపాటు అందవిహీనతయు వచ్చెనని ఇంగ్లండున విలియం మారిస్ బాధపడెను. పనివానికి తన పనిలో ఆనందము లేనిచో ఆ వస్తువునకు అందము రాదని ఆయన నమ్మకము. 1891వ సంవత్సరమున కెల్మ్‌స్కాట్ ముద్రాలయమును స్థాపించి, అచ్చు, కాగితము, సిరా, అంచుల లతలు, అన్నింటిని శ్రద్ధతో సిద్ధపరచి గ్రంథములు ప్రకటించెను. అవి కన్నులపండువుగా నుండెను గాని, సామాన్యుడు కొనదగిన వెలకు లభింపలేదు. సొగసైన వస్తువు అందరికి అందుట ఎట్లు అను ప్రశ్న అట్లే నిలిచిపోయెను.

దానికి జవాబు వెదకిన విద్యాలయము బౌహౌస్. 1919వ సంవత్సరమున వాల్టర్ గ్రోపియస్ దీనిని జర్మనీలోని వైమార్ నగరమున స్థాపించెను. చిత్రకారుడును, వడ్రంగియు, అచ్చుకూర్పరియు ఒకే కప్పుక్రింద నేర్చుకొనవలెననియు, యంత్రమును ద్వేషింపక దానిచేతనే చక్కని వస్తువులు చేయింపవలెననియు ఆ పాఠశాల ఆశయము. 1922వ సంవత్సరమున ఆ విద్యాలయమువారి చిత్రములు కలకత్తాలో ప్రదర్శింపబడెను. అచ్చటి ఉపాధ్యాయుడు హెర్బర్ట్ బాయర్, అక్షరములలో పెద్దబడి చిన్నబడి యను రెండు రూపము లేల, ఒక్కటి చాలదా యని వాదించెను. తెలుగువారికి ఈ వాదము వింతగా తోపదు. మన లిపిలో ఆ భేదము మొదటినుండియు లేదు.

1933వ సంవత్సరమున జర్మనీలో నాజీలు అధికారమునకు వచ్చిరి. స్వేచ్ఛగా ఆలోచించు చోటు వారికి సహింపరానిదయ్యెను. ఆ యేడే బౌహౌస్ మూతపడెను. నూతన ముద్రణ పద్ధతిని గూర్చి 1928వ సంవత్సరమున గ్రంథము రచించిన యాన్ చిహోల్డును నిర్బంధించిరి. విడుదలయైన పిమ్మట ఆయన స్విట్జర్లండునకు తరలిపోయెను. కాలక్రమమున ఆయనకు ఒక సందేహము కలిగెను. అక్షరము ఇట్లే యుండవలెను, వేఱుగా నుండరాదు అని తాను శాసించుటలో, తనను తరిమినవారి మొండితనపు ఛాయ లేదా అని ఆలోచించెను. 1947వ సంవత్సరమున లండను చేరి పెంగ్విన్ సంస్థవారి చవక పుస్తకములను తీర్చిదిద్దునపుడు, తాను ఒకప్పుడు నిరాకరించిన పాత పద్ధతులను కూడ సందర్భానుసారముగా వాడెను. తన తప్పు తానే దిద్దుకొనగలుగుట గొప్పవారి లక్షణము.

ఆ 1933వ సంవత్సరముననే లండనులో వేఱొక మేలు జరిగెను. హారీ బెక్ అను చిత్తుపటముల లేఖకుడు అంతకుముందే భూగర్భ రైలుమార్గముల పటమును క్రొత్తరీతిగా గీచి యుండెను. భూమిపై వంకరలు ఎట్లున్నను పటముపై తిన్నని గీతలే. దూరములు నిజముగా ఎంతయైనను స్టేషనుల నడుమ ఎడము ఇంచుమించు సమానమే. మొదట అధికారులు దానిని త్రోసిపుచ్చిరి. పిదప అచ్చువేయగా ప్రజలు ఆదరించిరి. ప్రయాణికునకు కావలసినది భూగోళము కాదు, ఎక్కడ ఎక్కవలెను, ఎక్కడ మారవలెను అనునదియే. ఈ నాడు హైదరాబాదు మెట్రో రైలు పటము చూచిన బాలుడు కూడ ఆ సూత్రమునే చూచుచున్నాడు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము స్విట్జర్లండు రూపకర్తలు పుటను కనబడని గీతలతో గదులుగా విభజించి, ఆ గదులలో అక్షరములను, ఛాయాచిత్రములను క్రమముగా అమర్చు పద్ధతిని ప్రచారము చేసిరి. 1957వ సంవత్సరమున ఆ దేశముననే మాక్స్ మీడింగర్ గీచిన అచ్చు పుట్టెను. తరువాత దానికి హెల్వెటికా అను పేరు వచ్చెను. ఆడంబరములేని ఆ అక్షరము ప్రపంచమంతట వ్యాపించెను.

మన నాట ఈ విద్య పత్రికలద్వారా వికసించెను. 1947వ సంవత్సరము జూలైలో మదరాసునుండి వెలువడిన "చందమామ"లో కథతో సమానమైన స్థానము బొమ్మకు లభించెను. వడ్డాది పాపయ్య రంగులలో ఋతువులు, పండుగలు, పురాణపురుషులు సజీవులైరి. నరసాపురమున 1933వ సంవత్సరమున జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, బాపు అను పేరున అసంఖ్యాకములగు ముఖచిత్రములను, కథలకు బొమ్మలను రచించెను. తక్కువ గీతలతో ఎక్కువ చెప్పుట ఆయన నేర్పు. ఆయన చేతివ్రాత కూడ బొమ్మవలె తెలుగువారిని ఆకర్షించెను. ఆ వ్రాత పిదప కంప్యూటరు అచ్చుగా మారెను. ఆయన దర్శకత్వమున 1967వ సంవత్సరమున వచ్చిన "సాక్షి" చిత్రముతో పాలకొల్లువాడగు ఈశ్వర్ సినిమా ప్రకటనల రూపకర్తగా రంగప్రవేశము చేసెను. వీరెవ్వరును స్విట్జర్లండు గీతలను అనుకరింపలేదు. తెలుగు కంటికి ఏది ఇంపో దానిని ఎఱిగి పనిచేసిరి.

1984వ సంవత్సరమున మాకింతోష్ కంప్యూటరు వెలువడిన పిమ్మట ఈ విద్య బల్లమీదికి వచ్చెను. 1991వ సంవత్సరమున ప్రపంచలిపులకు ఏర్పరచిన యూనికోడ్ పట్టికలో తెలుగునకు 128 గదులు కేటాయింపబడెను. దానివలన ఒకచోట వ్రాసిన తెలుగు వేఱొకచోట చదువుటకు వీలయ్యెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో అచ్చులు రచించి ప్రజలకు ఉచితముగా నిచ్చెను.

ఇచ్చట ఒక మెలకువ తెలిసికొనవలెను. "అమ్మ" అను మాటను కంప్యూటరు నాలుగు గుర్తులుగా దాచుకొనును: అకారము, మకారము, పొల్లు, మరల మకారము. చివరి మూడింటిని కలిపి "మ్మ"గా చూపు నేర్పు అచ్చునందును, వ్రాతపరికరమునందును ఉండవలెను. ఆ నేర్పు లేనిచోట ఒత్తు విడిపోయి "అమ్‌మ" యని తెరపై వెలయును. సరిచూచుకొనక అచ్చువేసిన పెద్ద బట్టలమీద ఇట్టి విరిగిన తెలుగు మనకు తరచుగా కనబడుచునే యున్నది.

ఒకప్పుడు ఆ ఫలకములను కుంచె పట్టిన చిత్రకారుడు వ్రాసెడివాడు. సుద్దదారముతో గోడపై గీత కొట్టి, అక్షరములకు చోటు కొలిచి, తడబడని చేతితో రంగు నింపెడివాడు. అతనికి ఒత్తు తప్పిపోవుట యుండదు, ఏలనన అతడు అక్షరమును ఎఱిగి వ్రాయువాడు. ఫ్లెక్సు ముద్రణయంత్రములు వచ్చిన పిమ్మట, దినములు పట్టు పని గడియలలో ముగియుటచే ఎందఱో కుంచె వదలి వేఱు జీవనోపాధి వెదకుకొనిరి. పని త్వరపడినది, వెల తగ్గినది. ఇది చిన్న దుకాణదారునకు లాభమే. కాని వీథులలోని అక్షరములు ఒకే మూసకు వచ్చినవి, పాడైన ప్లాస్టిక్ బట్ట చెత్తకుప్పలో మిగులుచున్నది. 100 మైక్రానులకంటె పలుచనైన ప్లాస్టిక్ ప్రకటనబట్టలను 2022వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధించిరి.

యంత్రము శత్రువని మారిస్ తలచెను. యంత్రమును మచ్చిక చేయవలెనని బౌహౌస్ తలచెను. యంత్రమైనను, కుంచెయైనను నడపు చేతికి భాషయందు భక్తి యుండవలెనని మన వీథులు చెప్పుచున్నవి. 2014వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు, చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ కాకతీయ కళాతోరణమును, చార్మినారును ఒకే వలయమున నిలిపి రాష్ట్ర చిహ్నమును రూపొందించెను. దానిచుట్టును తెలుగు, ఉర్దూ, ఆంగ్ల లిపులు మూడును చోటు పొందినవి. ఒక చిన్న వలయములో ఇన్ని చరిత్రలను ఒకదానినొకటి త్రోసికొనకుండ కూర్చుండబెట్టుట తేలికయైన పని కాదు.

కీసరగుట్ట బండపై ఆ పేరు చెక్కినవారికి కాగితము తెలియదు, అచ్చు తెలియదు. ఆ ఒక్క మాట మాత్రము ఇన్ని తరముల వానలను, ఎండలను దాటి నేటికిని చదువబడుచున్నది. వారు దానిని తొందరపడి చెక్కలేదు. మనము నోటుపుస్తకముపై వ్రాయు పేరైనను, పాఠశాల గోడపై వ్రాయు ప్రకటనయైనను, తరువాత వచ్చి చదువువానిని తలచుకొని వ్రాసినచో ఆ శిల్పుల వరుసలో మనకును చోటుండును.

ప్రశ్నలు

1. తెలుగు అక్షరములు గుండ్రముగా నుండుటకు పండితులు చెప్పు కారణమేమి?
2. విలియం మారిస్ ఆశయమునకును, బౌహౌస్ ఆశయమునకును గల భేదమును వివరింపుము.
3. యాన్ చిహోల్డ్ తన అభిప్రాయమును ఏల మార్చుకొనెను?
4. మీ యూరిలోని ఫలకములను పరిశీలించి, ఒత్తులు విరిగిన మాటలను గుర్తించి సరిదిద్ది వ్రాయుము.