వీరలక్షణ పరిణామం: నాగానందం నుండి గబ్బిలం దాకా

వీరరసానికి స్థాయిభావం ఉత్సాహమని ఆలంకారికుల నిర్ణయం. ఆ ఉత్సాహం దేని విషయంలో ప్రకటితం కావాలన్న ప్రశ్నకు మాత్రం వారి సమాధానం ఒక్కటి కాదు. భరతముని దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం అని మూడు భేదాలు చెప్పాడు. 10వ శతాబ్ది వాడైన ధనంజయుడు దశరూపకంలో ధర్మానికి బదులు దయను గ్రహించాడు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు నాలుగింటినీ అంగీకరించాడు. లక్షణాన్ని కంఠస్థం చేసే విద్యార్థి ఈ భేదాన్ని సంఖ్యాభేదంగానే చూస్తాడు. నిజానికిది విలువల భేదం.

7వ శతాబ్దిలో హర్షుడు రచించిన నాగానంద నాటకం ఇందుకు నిదర్శనం. జీమూతవాహనుడు రాజ్యకాంక్ష లేనివాడు. శంఖచూడుడనే నాగకుమారునికి బదులుగా తన దేహాన్ని గరుత్మంతునికి అర్పించినవాడు. ఇతడు ధీరోదాత్తుడెట్లా అవుతాడన్న ఆక్షేపాన్ని దశరూపక వ్యాఖ్యాత ధనికుడు స్వయంగా లేవనెత్తాడు. ఉదాత్తత అంటే జయించాలన్న కోరిక కదా, అది విరాగిలో ఎక్కడిదని పూర్వపక్షం. అందరికంటె మిన్నగా నిలవడమే ఉదాత్తత, త్యాగంతో మిన్న అయినవాడూ విజేతయే అని సిద్ధాంతం. లక్ష్యం బలీయమైనప్పుడు లక్షణమే విస్తరిస్తుందనడానికి ఇంతకంటె ప్రమాణం అక్కరలేదు.

తెలుగులో శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర మరొక మలుపు. బాలచంద్రుడు సింహాసనాధిపతి కాడు. తల్లి ఐతమ్మ వారించినా, భార్య మాంచాల ప్రోత్సాహంతో రణానికి వెళ్లిన యువకుడు. బ్రహ్మనాయుని కీర్తి ఖడ్గం మీద మాత్రమే నిలవలేదు. అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడు మీదా, మాల కన్నమదాసును పుత్రసమానునిగా స్వీకరించడం మీదా నిలిచింది. కారెంపూడిలో కార్తీకమాసాన జరిగే వీరుల ఉత్సవాలలో ప్రజలు నేటికీ ఈ వీరులను కొలుస్తున్నారు.

1941లో వెలువడిన జాషువ గబ్బిలం ఈ పరిణామాన్ని మన కాలానికి చేర్చింది. కావ్యనిర్మాణం మేఘసందేశానిది; నాయకుడు తంజావూరులోని నిరుపేద దళితుడు. యక్షుని శాపానికి కారణం అతని ప్రమాదమే, దానికి ఏడాది గడువూ ఉంది. ఈ నాయకుడు ఏ తప్పూ చేయలేదు, అతని శిక్షకు గడువూ లేదు. తాను అడుగుపెట్టరాని ఆలయంలో గబ్బిలానికి ప్రవేశం ఉంది గనుక శివునికి దానిచేత విన్నపం పంపుతాడు. ఇక్కడ ఆయుధం లేదు, శత్రుసంహారం లేదు. కరుణరసమే అంగి అన్నవారి మాట కాదనలేము. కాని, నోరెత్తరాదన్న సంఘంలో న్యాయాన్ని అడగడానికి కావలసినది ఉత్సాహమే. కనుక ఇందులో వీరం అంగంగా ఉన్నదని అంగీకరించక తప్పదు.

ఏ కాలం ఎవరిని వీరుడని గౌరవించిందో చెప్పేది కావ్యం. ధనికుడు జీమూతవాహనునికి చూపిన ఔదార్యాన్ని మన పాఠ్యబోధన జాషువ నాయకునికీ చూపాలి. అదే శాస్త్రసంప్రదాయాన్ని పాటించడం.