పందెపు కారుకు చలిగండం

చలికాలం ఉదయాన కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉండటం మీరంతా చూసినదే. గడ్డకట్టిన నూనె మధ్యలో కాస్త గుంటపడి ఉంటుంది. అంటే ఘనీభవించేటప్పుడు నూనె కుంచించుకుపోయిందన్నమాట. చాలా పదార్థాల తీరు ఇంతే. నీటి తీరు వేరు. చల్లబడేకొద్దీ 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకు బుద్ధిగా కుంచించుకుపోయిన నీరు, అక్కడి నుంచి తిరిగి వ్యాకోచించడం మొదలుపెడుతుంది. 0 డిగ్రీల వద్ద మంచుగడ్డగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం నూటికి 9 వంతులు పెరుగుతుంది. ఇదంతా మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అయితే ఈ 9 వంతులే ఒక కారు ఇంజనును నిలువునా చీల్చగలవని పుస్తకంలో ఉండకపోవచ్చు.

మన ప్రాంతంలో ఈ బెడద లేదు. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు వచ్చిందంటేనే మనకు పెద్ద వార్త. అందుకని అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్దాం. అక్కడి బ్రెయినర్డ్ దగ్గర పేరున్న కారు పందేల మైదానం ఒకటి ఉంది. పందేలన్నీ వెచ్చని నెలల్లోనే. చలి ముదిరేసరికి కార్లు షెడ్లకు చేరతాయి. జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీలకు దిగడం ఆ ప్రాంతంలో వింత కాదు. షెడ్డులో వెచ్చబరిచే ఏర్పాటు లేకపోతే, లోపల ఉన్న కారుకూ అదే చలి.

మరి అక్కడి మామూలు కార్లు పగలవేం? ఈ ప్రశ్న మీకు రావాలి. మామూలు కారు రేడియేటరులో ఉండేది ఉత్త నీరు కాదు. ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కలిపిన నీరు. పందెపు కారులో తరచు ఉత్త నీరే పోస్తారు. చాలా మైదానాల్లో గ్లైకాల్ వాడనివ్వరు కూడా. అది రోడ్డు మీద ఒలికితే జారుడుగా ఉండి, నీటిలా త్వరగా ఆరిపోదు. వెనుక గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడి గతేమిటో ఊహించుకోండి. పైగా వేడిని మోసుకుపోవడంలో నీటికి సాటి లేదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1 కేలరీ కావాలి; నీరు, గ్లైకాల్ సగం సగం కలిపిన మిశ్రమానికి సుమారు 0.8 కేలరీ చాలు. పందెంలో మేలు చేసిన నీరే చలికాలంలో శత్రువు అవుతుంది.

ఇంజను దిమ్మెలో సిలిండర్ల చుట్టూ బోలుగా నీటి దారులుంటాయి. ఈ దిమ్మెను ఎక్కువగా పోత ఇనుముతో గాని, అల్యూమినియంతో గాని పోస్తారు. పోత ఇనుము నొక్కితే బాగా తట్టుకుంటుంది, లాగితే పుటుక్కున విరుగుతుంది. లోపలి మంచు గోడలను బయటికి తోస్తుంటే గోడ లాగబడుతుంది. సరిగ్గా దాని బలహీనత మీదే దెబ్బ!

ఈ బలం ఎంతటిదో 1784–85 శీతాకాలంలో కెనడాలోని క్విబెక్‌లో మేజర్ ఎడ్వర్డ్ విలియమ్స్ పరీక్షించి చూశాడు. బోలు ఇనుప ఫిరంగి గుండ్లలో నీరు నింపి, ఇనుప బిరడాలు దిగగొట్టి, ఆరుబయట చలిలో వదిలేశాడు. ఒక బిరడా 100 మీటర్లకు పైగా ఎగిరిపడింది. బిరడా గట్టిగా నిలిచిన చోట గుండే చీలి, చీలికలోంచి మంచు పొడుచుకువచ్చింది. కదలడానికి వీల్లేని పాత్రలో నీటిని మైనస్ 22 డిగ్రీల దాకా చల్లబరిస్తే, పీడనం 2,000 అట్మాస్ఫియర్లు దాటుతుందని ఈనాడు మనకు తెలుసు.

అయితే నీరు తీసేస్తే సరిపోతుంది కదా! సరిపోతుంది, మొత్తం తీయగలిగితే. రేడియేటరు అడుగు మర తిప్పగానే నీరు బుడబుడ కారిపోతుంది, చూసేవాడు పని అయిపోయిందనుకుంటాడు. కాని ఇంజను దిమ్మె అడుగున ఉన్న నీరు అటు రాదు. దిమ్మెకు వేరే మరలుంటాయి. సిలిండర్లు రెండు వరసలుగా ఉండే వి-8 ఇంజనుకు అటొకటి, ఇటొకటి. వాటినీ విప్పాలి. ఒక్కోసారి తుప్పు, మడ్డి చేరి రంధ్రం మూసుకుపోతుంది, తీగతో పొడవాలి. నీటి పంపులో, వంపు తిరిగిన గొట్టాల్లో ఇంకా కొంత మిగులుతుంది. విశాలమైన చోట అడుగున నాలుగు చెంచాల నీరున్నా ప్రమాదం తక్కువే, పైన గాలి ఉన్నది గనుక మంచు పెరగడానికి జాగా దొరుకుతుంది. నిండుగా ఉన్న ఇరుకు దారితోనే చిక్కు. మొదట దాని మూతి దగ్గర నీరు గడ్డకట్టి బిరడాలా బిగుసుకుంటుంది. లోపలి నీరు బందీ అవుతుంది. విలియమ్స్ గుండు కథే మళ్ళీ!

ఇంజను పక్కలను గుండ్రని రేకు మూతలు కొన్ని కనిపిస్తాయి. నీరు గడ్డకడితే అవి ఊడివచ్చి ఇంజనును కాపాడతాయని చాలామంది నమ్మకం. నిజానికి పోత పోసేటప్పుడు లోపల పెట్టిన ఇసుక అచ్చును తీయడానికి వదిలిన రంధ్రాలవి. మూత ఊడి ఇంజను బతికితే అదృష్టం, అంతే.

అందుకే నీరు తీశాక చాలామంది గ్లైకాల్ మిశ్రమం పోసి, ఇంజనును కాసేపు నడిపి, అది మూలమూలలకూ చేరేలా చూస్తారు. సగానికి సగం కలిపిన మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చిత్రమేమంటే శుద్ధమైన గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది! రెండూ కలిసినప్పుడు ఒకదాని అణువులు రెండవదాని స్ఫటికాలు కుదురుకోకుండా అడ్డుపడతాయి. ఉప్పు కలిపినా నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుంది గాని, ఇంజను తుప్పుపట్టి పోతుంది.

ఇక్కడొక లెక్క చేయండి. ఇంజనులో 2 లీటర్ల నీరు మిగిలిపోయింది. దాని మీద సగం సగం మిశ్రమం 8 లీటర్లు పోశారు. మొత్తం 10 లీటర్లలో గ్లైకాల్ 4 లీటర్లే, అంటే నూటికి 40. మైనస్ 37 దాకా ఉందనుకున్న రక్షణ సుమారు మైనస్ 24 దగ్గరే ఆగిపోతుంది. మిన్నెసోటాలో అది చాలకపోవచ్చు. కనుక తెలిసినవాడు డబ్బా మీది అంకెను నమ్మడు. ఇంజను నడిపాక లోపలి ద్రవాన్నే కాస్త తీసి హైడ్రోమీటరుతో సాంద్రత చూస్తాడు.

గ్లైకాల్ తియ్యగా ఉంటుంది గాని ప్రాణాలు తీసే విషం. ఒలికితే కుక్కలు నాకి చచ్చిపోతాయి. అందుకే వసంతంలో దాన్ని వేరే పాత్రలోకి తీసి, ఇంజనును రెండు మూడుసార్లు కడిగి, మళ్ళీ ఉత్త నీరు పోసిన తరువాతే కారును మైదానానికి తీసుకెళ్తారు. మిశ్రమం పోయకుండా ఇంజనును పొడిగానే వదిలినవారు "ఇందులో నీరు లేదు" అని రాసిన చీటీని స్టీరింగుకు కట్టి ఉంచడం మంచిది.