గుంపులో దగ్గు - ఇంట్లో జ్వరం

మన దేశంలో మొట్టమొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే 16న నిర్ధారణ అయింది. అది మన హైదరాబాదులోనే. అమెరికా నుండి వచ్చిన ఒక ప్రయాణికునికి ఆ వ్యాధి సోకినట్లు పరీక్షలో తేలింది. ఆ మహమ్మారి దశ ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 ఆగస్టు 10న ప్రకటించింది. కానీ ఆ వైరస్ మాత్రం పోలేదు. మామూలు ఫ్లూ వైరస్‌లలో ఒకటై నేటికీ మన మధ్య తిరుగుతూనే ఉంది.

గుంపులో ఏమి జరుగుతుంది?

నాంపల్లి ఎగ్జిబిషన్, ఖైరతాబాద్ గణేశుని దగ్గర క్యూలు, రైల్వే స్టేషన్, సిటీ బస్సు, ఆసుపత్రి ఓ.పి. హాలు, ప్రార్థన మందిరం - ఎక్కడైనా జరిగేది ఒకటే. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే తుంపరలు దగ్గరలో ఉన్నవారి ముక్కు, నోరు, కళ్ళను చేరతాయి. గాలి ఆడని గదిలో సన్నని తుంపరలు కొంతసేపు గాలిలోనే ఉంటాయి. చేతికి అంటిన క్రిములు బస్సు కమ్మీకి, అక్కడ నుండి మరొకరి చేతికి, ముఖానికి చేరతాయి.

ఫ్లూ సోకిన వ్యక్తి జ్వరం రాకముందే, సుమారు ఒక రోజు ముందు నుండే, ఇతరులకు అంటించగలడు. "నాకేమీ లేదు" అనుకునేవారు కూడా చేతులు కడుక్కోవాలి అనేది ఇందుకే. 2022లో ఒమిక్రాన్ వలన నాంపల్లి ఎగ్జిబిషన్‌ను ప్రారంభమైన మరునాడే నిలిపివేసిన సంగతి మనకు గుర్తుండే ఉంటుంది.

మనము చేయవలసినవి

1. జ్వరం, దగ్గు ఉంటే ఇంట్లోనే ఉండండి. మందు వేసుకోకుండానే జ్వరం తగ్గి 24 గంటలు గడిచిన తరువాతే పిల్లలను బడికి పంపండి.
2. దగ్గు వస్తే రుమాలు గానీ, మోచేతి మడత గానీ అడ్డం పెట్టుకోండి. అరచేయి వద్దు.
3. బయటి నుండి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి.
4. దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవారు మాస్కు పెట్టుకొని, కౌంటరు దగ్గరే ఆ సంగతి చెప్పండి.
5. జలుబు ఉన్నవారు వార్డులో రోగిని, బాలింతను, పసిబిడ్డను చూడటానికి వెళ్ళవద్దు. ఫోనులో పలకరించినా ప్రేమే.
6. కిటికీలు తెరవండి. ఖర్చులేని వైద్యం గాలి, వెలుతురు.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

గర్భిణులు, ఐదేళ్ళలోపు పిల్లలు, 65 ఏళ్ళు దాటినవారు, ఉబ్బసం, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు. వీరు ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగాలి. వీరికి ఫ్లూ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. యాంటిబయాటిక్ మాత్రలు వైరస్‌ను చంపవు. దుకాణంలో అడిగి వాటిని వాడవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు.

ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, పెదవులు నీలం కావడం, బిడ్డ పాలు త్రాగకపోవడం - వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

రెండు వారాలు దాటిన దగ్గు ఫ్లూ కాకపోవచ్చు. క్షయ కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో కళ్ళె పరీక్ష, మందులు ఉచితం. సిగ్గుపడి దాచుకుంటే మొదట నష్టపోయేది ఇంట్లోవారే.

ఇంట్లో మాట్లాడుకొనుటకు

మన ఇంట్లో ఎక్కువ ప్రమాదం ఎవరికి? నాకు జ్వరం వస్తే వారికి దూరంగా ఏ గదిలో, ఏ మూల పడుకోగలను? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఈ రోజే అనుకొని ఉంచండి.