కొత్త ఇంట బెదరిన పిల్లి

గురజాలనుండి నరసరావుపేటకు కాపురము మార్చిన ఒక ఇల్లాలు ఇటీవల మా వైద్యశాలకు వచ్చి, తన కొరకు గాక తన పిల్లి కొరకు మందు అడిగినది. దానిని గోనెసంచిలో కట్టి బస్సులో తెచ్చిరట. సంచి విప్పగానే అది అటక ఎక్కినది. రెండు దినములుగా దిగలేదు, ముద్ద ముట్టలేదు. "బెదురు తగ్గుటకు అశ్వగంధ గాని, ఏదైన లేహ్యము గాని ఇవ్వండి డాక్టరుగారూ" అన్నది. ఆమె ముంజేతిపై పసుపు అద్దిన గాట్లు కనబడినవి. అటకమీదనుండి లాగబోగా రక్కినదట.

ముందుగా ఆ చేతిని సబ్బుతో, ధారగా పడు నీటితో పదిహేను నిమిషములు కడిగించి, రేబిస్ టీకా కొరకు ప్రభుత్వ వైద్యశాలకు పంపితిని. పిల్లి కరచినను, రక్తము వచ్చునట్లు రక్కినను ఇదియే ప్రథమ చికిత్స. పసుపు, సున్నము, మన ప్రాంతపు అలవాటుగా కారము పూసి కూర్చుండుట ప్రమాదము.

ఇక పిల్లి సంగతి. కుక్క మనిషిని నమ్ముకొని ఉండును, పిల్లి చోటును నమ్ముకొని ఉండును. చెక్కిళ్ళను గుమ్మములకు, మంచపు కోళ్ళకు రాచి తన వాసన నిలుపుకొని, ఆ వాసననుబట్టియే ఇది నా ఇల్లని ఎరుగును. కొత్త ఇంట ఆ గుర్తు ఒక్కటియు లేదు. ఉన్నది సున్నము, ఫినాయిలు వాసన. పిల్లి తన పిల్లలను ఇల్లిల్లు త్రిప్పునని అందురు గాని, అది తాను ఎంచుకొన్న చోటికి, తన నోట కరచుకొని పోవుట. గోనెసంచి ప్రయాణము వేరు. భయము వాతమును ప్రకోపింపజేయునని మన శాస్త్రము మనుష్యులకు చెప్పినది. ఆకలి చెడుట, మలమూత్రములు బిగియుట పిల్లియందును చూడవచ్చును.

కావున మొదట ఇల్లంతయు చూపక ఒక్క గది ఇవ్వవలెను. అందులో అది పూర్వము పడుకొన్న గుడ్డను ఉతకకుండ పరచి, దూరుటకు ఒక అట్టపెట్టెను, నీటిని, తిండికి దూరముగా ఇసుక పళ్ళెమును ఉంచవలెను. దాగినచోటనుండి లాగరాదు. ఇంటివారిలో ఒకరు రోజూ కొంతసేపు అచ్చట కూర్చుండి, దానివంక తేరి చూడక, పత్రిక చదువుకొనుచుండిన చాలును. మెత్తని గుడ్డతో దాని చెక్కిళ్ళు తుడువనిచ్చినపుడు ఆ గుడ్డనే బల్లకాళ్ళకు, గుమ్మమునకు రాయవలెను. తానై వచ్చి తిని, ఒళ్ళు రాచుకొన్న పిదప మిగిలిన గదులు తెరువవచ్చును. మూడు వారములు దాటక వీధిలోనికి విడిచిన పాత ఇంటిని వెదకుచు పోవును. గృహప్రవేశపు హోమధూమము, బంధువుల సందడి ముగిసిన తరువాతనే తెచ్చుట మేలు. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి వేరుగ చెప్పనేల? వేసవిలో తెల్లవారుజామున, మూత గల వెదురుబుట్టలో తేవలెను. నాపరాళ్ళ కప్పు క్రింద వేడెక్కు గదిలో బంధింపరాదు.

మందు ఏల ఇయ్యలేదు? మనకు పథ్యమైనది పిల్లికి విషము కావచ్చును. కొన్ని ద్రవ్యములను విరిచివేయు శక్తి దాని కాలేయమునకు లేదు. ఒక్క పారాసిటమాల్ బిళ్ళ దాని ప్రాణము తీయగలదు. వెల్లుల్లి, ఉల్లి దాని రక్తమును చెరచును. నీలగిరి తైలము, కర్పూరము, తలనొప్పి బాములు దాని దరి చేరనీయరాదు. "మూలికయే గదా" అనుమాట నాకు కోపము తెప్పించును. పెరళ్ళలో మొలచు కుప్పింటాకు వేరు వాసనకు పిల్లులు పరవశించి పొర్లాడుట కొందరు చూచియే యుందురు. అది వేడుకయే గాని చికిత్స కాదు, అరగదీసి త్రాగింపరాదు. పాలు కూడ పెద్ద పిల్లులలో అనేకమునకు అరుగక విరేచనములు కలిగించును. అది మాంసాహారి, శాకాహారుల ఇంట పెరుగన్నముతో సరిపుచ్చుట దానికి న్యాయము కాదు.

ఒక దినము తినకున్న కనిపెట్టి చూడవలెను. రెండవ దినము దాటినచో, అందును బలిసిన పిల్లి యైనచో, కాలేయమున క్రొవ్వు చేరి ప్రాణాపాయము కలుగును. మగపిల్లి ఇసుకలో మాటిమాటికి కూర్చుండి ముక్కుచు మూత్రము విడువలేకున్న, ఆ పూటనే పశువైద్యుని చేర్చవలెను. ఆ ఇల్లాలి పిల్లిని కూడ పశువైద్యశాలకే పంపితిని. అచ్చట సెలైను ఎక్కించిరట. నాలుగవ నాటి రాత్రి, అందరు నిదురించిన వేళ, పళ్ళెములోని చేపముక్క మాయమైనదని ఆమె వచ్చి చెప్పినది.