థాయి భాషా, కొరియనా: బుజ్జికి ఉత్తరం

రాజమండ్రి



థాయి నేర్చుకోనా, కొరియన్ నేర్చుకోనా అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. రిటైరయ్యాక ఆ రెండు లిపులతోనూ కూర్చున్నవాణ్ణి, అంతకుముందు ఏళ్ల తరబడి పిల్లలకి తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి. ఆ కొద్దిపాటి అధికారంతో రాస్తున్నానమ్మా.

కొరియన్ మహా కష్టం, థాయి అందులో సగమే కష్టం అని నీకు చూపించిన లెక్క అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థది. వాళ్లు తమ ఉద్యోగులకు కొరియన్‌కైతే 2200 గంటల తరగతులు, థాయికైతే 1100 గంటలు కావాలని కట్టారు. ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్లకి అది సరైన లెక్కే. అదే జాబితాలో తెలుగు కూడా 1100 గంటల వరసలో ఉంది. ఆ వరస చూసి నీకేది సులువో ఎలా తేలుతుంది? తెలుగు పిల్లవి కాబట్టి తెలుగు వైపు నుంచే కొలుచుకో.

కొరియన్ వాక్యం నడక దాదాపు మన వాక్యం నడకే. ‘నేను నిన్న చూసిన సినిమా’ని వాళ్లు ‘నెగా ఒజే పోన్ యొంగ్‌హ్వా’ అంటారు. నెగా అంటే నేను, ఒజే నిన్న, పోన్ చూసిన, యొంగ్‌హ్వా సినిమా. ఒక్క మాటా చోటు మారలేదు చూడు. క్రియ చివరికే వస్తుంది. మన కి, లో, తో లాగే విభక్తులు నామం వెనక అతుక్కుంటాయి. ‘తిని వెళ్లాను’లో ‘తిని’ని మేం బళ్లో క్త్వార్థకం అని చెప్పేవాళ్లం. దానికీ అక్కడ జోడు ఉంది: ‘మొక్కో కస్సొయో’. మర్యాద సంగతి సరే సరి. ‘అండి’ లేకపోతే మన గోదావరి వాళ్లకి మాట పూర్తయినట్టే ఉండదు, కొరియన్లకి వాక్యం చివర ‘యో’ అలాంటిది. పెద్దల గురించి చెప్పేటప్పుడు క్రియ లోపలే ‘షి’ చేరి గౌరవం తెస్తుంది. ఏ పెద్దతో ఏ మెట్టు మీద మాట్లాడాలో చిన్నప్పటి నుంచీ ఎరిగినదానివి, ఆ సంస్కారం నీకు పుస్తకం చెప్పనక్కర్లేదు.

లిపి ఇంకా తేలిక. సెజోంగ్ రాజు 1443లో చేయించి, 1446లో ప్రజలకిచ్చిన అక్షరాలవి. మూలాక్షరాలు 24. శ్రద్ధగా కూర్చుంటే పది రోజుల్లో కూడబలుక్కుని చదివేస్తావు.

మరి కష్టమెక్కడ? మాటల దగ్గర. కొరియన్ పదాల్లో పెద్ద భాగం చైనా నుంచి వచ్చింది, అందులో మనకి తెలిసిన ముఖం ఒక్కటీ కనపడదు. అంకెలు రెండు రకాలు, వస్తువులు లెక్కపెట్టడానికి ఒకటి, తేదీలకీ డబ్బుకీ ఇంకొకటి. క లాంటి ధ్వనులే మూడు, ఆ తేడా చెవికి అందడానికి నెలలు పడుతుంది. అమ్మని ‘ఒమ్మా’, నాన్నని ‘అప్పా’ అంటారు కాబట్టి కొరియన్ మన భాషకి చుట్టమే అనే వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌నీ ద్రావిడ భాషల్నీ పోలుస్తూ ఏకంగా వ్యాకరణమే రాశాడు. భాషాశాస్త్రం ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. పోలిక వాక్యనిర్మాణం వరకే, అంతకుమించి నమ్మకు.

థాయి దగ్గర సంగతి తిరగబడుతుంది. అక్కడ వాక్యం పరాయిది, మాటలు ఎరిగినవి. ఇందాకటి సినిమానే తీసుకో: ‘సినిమా, ఏదైతే, నేను, చూడు, నిన్న’ అనే వరసలో పేరుస్తారు. క్రియకి కాలం లేదు, పురుష లేదు, వచనం లేదు. నిన్న వెళ్లు, రేపు వెళ్లు, అంతే. ఒకసారి వరస పట్టుబడితే వ్యాకరణం బరువు లేనట్టే.

ఆ లిపి మూలం మన దక్షిణాదిదే. పల్లవ లిపి సముద్రం దాటి, ఖ్మేరు దేశంలో రూపు మారి, అక్కణ్ణుంచి థాయి అయింది. రాంఖంహేంగ్ రాజు శాసనం మీద ఉన్న సంవత్సరం 1292. హల్లులు 44 ఉన్నా భయపడకు, కవర్గం, చవర్గం అనే వరసలోనే నడుస్తాయి. ఆచార్యుడు ‘ఆజాన్’, ఆహారం ‘ఆహాన్’, నగరం ‘నఖోన్’, విద్యాలయం ‘విత్థయాలై’, బుధవారం ‘వన్ ఫుత్’. రాతలో సంస్కృతం అలాగే ఉంటుంది, పలుకులో చివరి ర, ల న అయిపోతాయి. ఇది పట్టుకున్నావంటే బ్యాంకాక్ వీధుల్లో బోర్డులు నీతో మాట్లాడతాయి.

అసలు పరీక్ష స్వరాలు, అంటే గొంతు ఎత్తుపల్లాలు. ఐదున్నాయి. ‘ఖావ్’ అనే ఒక్క ధ్వనిని పైకి లేపితే తెలుపు, కిందుగా పలికితే వార్త, పై నుంచి దించితే అన్నం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకునేవాళ్లు ఇక్కడే మునుగుతారు. థాయి రాతలో స్వరం దాగి ఉంటుంది, స్వరాల గుర్తుల పేర్లేమో మై ఏక్, మై థో, మై త్రీ, మై చత్తవా. ఏక, త్రి, చతుర్ నీకు వినపడుతున్నాయి కదా! అందుకని మొదటి రోజు నుంచీ లిపితోనే నేర్చుకోవాలి, తప్పు పలికితే అక్కడికక్కడే ఆపే గురువు ఉండాలి. కొరియన్ మొదటి ఆరు నెలలూ ఒంటరిగా లాగొచ్చు, థాయి లాగలేవు. మన కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్లినవాళ్లు బర్మీస్‌ని చెవితోనే పట్టుకున్నారు, అదీ స్వరాల భాషే. అయితే ఒంటరిగా కాదు, పనిలో పడి, మనుషుల మధ్య తిరిగి పట్టుకున్నారు.

ఇక బతుకుతెరువు. కొరియన్ వస్తే పిలిచే చోట్లు దగ్గర్లో ఉన్నాయి. పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలైంది, శ్రీపెరుంబుదూర్‌లో హ్యుందాయ్ అంతకు చాలా ముందే వచ్చింది, వాటి చుట్టూ విడిభాగాల కంపెనీలున్నాయి. కొరియన్ భాషకి పెట్టే టోపిక్ పరీక్షలో ఆరు మెట్లుంటాయి, ఉద్యోగానికి పనికొచ్చేవి పై మెట్లు. ఆ సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది, గుర్తుపెట్టుకో.

థాయికి అలాంటి బజారు ఇక్కడ లేదు. కానీ నువ్వు చదువుతున్నది ఆక్వాకల్చర్. గోదావరి అవతల కొవ్వూరులో రొయ్యల మేత చేసే అవంతి ఫీడ్స్‌కి భాగస్వామి థాయిలాండ్ కంపెనీ థాయ్ యూనియన్. మన దేశంలోకి 2009లో వచ్చిన వనామీ రొయ్యని థాయి రైతులు అంతకుముందు నుంచే పెంచుతున్నారు. 2013 ప్రాంతంలో ఈఎంఎస్ అనే రొయ్యల జబ్బు వాళ్ల చెరువుల్ని ఊడ్చేసింది, ఆ దెబ్బ తిని నేర్చుకున్న రైతులు వాళ్లు. బ్యాంకాక్ దగ్గరి ఏఐటీ (ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)లో ఆక్వా చదువు ఇంగ్లీషులోనే చెబుతారు. అయినా చెరువుగట్టు మీది మనిషి థాయిలోనే మాట్లాడతాడు, భీమవరం రైతు తెలుగులో మాట్లాడినట్టే. అతని మాట నేరుగా వినగలిగిన తెలుగు అమ్మాయి ఎంత పని చేయగలదో ఆలోచించు.

అందుకని నా తీర్పు ఇది. నువ్వు థాయి నేర్చుకో. చిన్నప్పుడు సంగీతం నేర్చిన చెవి నీది, స్వరాలు నిన్ను భయపెట్టవు. కొరియన్ సీరియళ్లు చూడటం మానక్కర్లేదు, కానీ ఇష్టంగా చూడటానికీ చదువుగా పట్టడానికీ మధ్య తేడా నీకే తెలుసు. కొరియన్ మీ తమ్ముడి చేత పట్టించు, కాకినాడలో మెకానికల్ చదువుతున్నవాడికి అది అన్నం పెడుతుంది. రెండూ ఒకేసారి మాత్రం మొదలుపెట్టకు తల్లీ. ముందు గురువుని వెతుక్కో, పుస్తకాల డబ్బు నేను పంపుతాను. సంక్రాంతికి వచ్చేసరికి 44 అక్షరాలూ రాసి చూపించు.

ఇట్లు
మీ పెదనాన్న