ఇడియమ్‌కు అర్థం ఒక్కటే చాలదు



తాతగారు కాలం చేశారని సెలవు చీటీ రాస్తూ మీ అబ్బాయి 'మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ద బకెట్' అని రాశాడనుకోండి. గైడులో ఆ ఇడియమ్ ఎదురుగా 'చనిపోవు' అనే ఉంటుంది. గ్రామర్ తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. కానీ అది 'మా తాత టపా కట్టేశాడు' అని టీచరుకు రాసిచ్చినట్టే.

తెలుగులో ఆ పొరపాటు మన పిల్లలు చెయ్యరు. ఏ మాట ఎవరి దగ్గర అనాలో ఇంట్లో వినే తెలుసుకున్నారు. 'నా చెవిలో పూలు పెడుతున్నావా' అని స్నేహితుడితో అంటారు గానీ ప్రిన్సిపాల్‌గారితో అనరు. అందుకే ఇడియమ్స్ చదివించేటప్పుడు తెలుగు నుంచే మొదలుపెట్టమని మా సలహా.

'మొసలి కన్నీరు' తెలిసిన పాపకు 'క్రొకడైల్ టియర్స్' ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. చిక్కల్లా దగ్గర చుట్టాల్లా కనిపించేవాటితోనే. మనం 'చుక్కలు చూపించారు' అంటే ముప్పుతిప్పలు పెట్టారని. ఇంగ్లీషులో 'సీ స్టార్స్' అంటే తలకు దెబ్బ తగిలి కళ్ళముందు మెరుపులు కనిపించడం. కాళ్ళు పట్టి లాగడం మనకు ఓర్వలేనితనం. 'పుల్ సమ్‌వన్స్ లెగ్' వట్టి వేళాకోళం. ఇలాంటి జంటల్ని భోజనాల దగ్గర పిల్లలతో కలిసి వెతకండి, బాగుంటుంది.

ఈ ఇబ్బంది మనకే కాదు. 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ అనే సైనికాధికారి 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' పేరుతో తెలుగు సామెతలు అచ్చువేశాడు. ఇంగ్లీషు అనువాదంతో ఆగలేదు, వివరణలూ చేర్చాడు. తెలుగు నేర్చుకునే దొరలకు కూడా మాటకు మాట సరిపోలేదన్నమాట!

ఇడియమ్‌లో మాటలు మార్చకూడదని కూడా చెప్పండి. 'అరచేతిలో వైకుంఠం' బదులు కైలాసం అంటే ఎలా ఉంటుందో, 'రెయినింగ్ డాగ్స్ అండ్ క్యాట్స్' అంటే అలాగే ఉంటుంది. అసలు ఆ ఇడియమ్ వ్యాసాల్లో తప్ప మాటల్లో పాతబడింది. జోరువానకు 'ఇట్స్ పోరింగ్' చాలు.

సందర్భాల కోసం దూరం వెళ్ళక్కర్లేదు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్ పరీక్షలకు రాత్రి పొద్దుపోయేదాకా చదివే అన్నయ్యల్నీ అక్కయ్యల్నీ చూపించి 'బర్నింగ్ ద మిడ్‌నైట్ ఆయిల్' చెప్పండి, అది నూనె దీపాల నాటి మాటని కూడా. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకు 'ఆన్ ఎ స్టిక్కీ వికెట్' ఇట్టే పట్టుబడుతుంది. పిచ్‌కు కవర్లు కప్పని రోజుల్లో, తడిసి ఆరుతున్న నేల మీద బంతి ఎటు తిరుగుతుందో తెలియక బ్యాట్స్‌మన్ పడే అవస్థ అది.

వారానికి ఒక్కటి చాలు. 'దీన్ని ఎవరితో అంటావు? ఎవరితో అనవు?' అని అడిగి, జవాబు వచ్చాకే సొంత వాక్యం రాయించండి.